నాన్నకు గొంతొచ్చిన పూట

మా చిట్టికి మూడేండ్లు. అది లేవకముందే మా ఆయన బట్ట నేసే సాంచాల కార్ఖానాకు పోతడు, అది పండుకున్నంక వస్తడు. సుట్టీనాడు ఆయనకు నిద్రే లోకం. అందుకే రోజూ పగటిపూట బువ్వ డబ్బా ఇయ్యనీకి దాన్ని ఎంటవెట్టుకొని పోత. ఆ సాంచాల మోతల ఆయన పెదవులు కదిలిస్తడు, చేతులు తిప్పుతడు, ఇది పకపక నవ్వుతది. వాళ్లిద్దరి ముచ్చట గంతే.

ఇయ్యాల మేం కార్ఖానా గడప దాటంగనే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారే ఆగినయి. ఆయన సంబురంగ, "చిట్టీ, ఇటు రా బిడ్డా!" అని పిలిచిండు.

పిల్ల ఉలిక్కిపడి నా కొంగు పట్టుకుంది. మెల్లగ అడిగింది: "అమ్మా, నాన్న లోపల ఎవరున్నరు?"

"నాన్ననే బిడ్డా, అది నాన్న గొంతే" అన్న. నమ్మలే. ఆయన నవ్వబోయి ఆగిపోయిండు.

కరెంటొచ్చింది. మళ్ల మోత మొదలైంది. ఆయన పెదవులు కదిలినయి, మాట ఇనవడలే. అప్పుడు పిల్ల ఉరికి పోయి ఆయన కాళ్లను సుట్టుకుంది.

ఇయ్యాల తొందరగ ఇంటికొస్తనని ఇప్పుడే ఫోన్ జేసిండు. పిల్ల ఇంకా పండుకోలే, తలుపు దిక్కే సూస్తుంది. మీరే చెప్పుండ్రి, ఆయన వచ్చినంక మాట్లాడమనాల్నా, ఉత్తగ పెదవులే కదపమనాల్నా?