టై సారు రాసిన పరీక్ష

మీసాలు సరిగ్గా మొలవని ఆ కాలంలో నాకు రెండే విద్యలు వచ్చు: మోటారు సైకిలు నడపడం, ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పడం. (మొదటిది ఇప్పటికీ రాదని మా ఆవిడ అంటుంది.) రెండోది చూసే కాబోలు, ఒక స్వచ్ఛంద సంస్థవారు దమ్మపేట అవతలి అడవి పల్లెల్లో చదువు కూపన్ల పనికి నన్ను పెట్టుకున్నారు. పిల్లకో కూపన్ ఇస్తారు. సర్కారు బడిలో ఇచ్చినా, ప్రైవేటు బడిలో ఇచ్చినా ఆ సొమ్ము ఆ బడికే చేరుతుంది. అంతే చెప్పి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కూపన్ చేతిలో ఉన్నంతసేపు మీరే మహారాజులు, బళ్లు మీ ముందు చేతులు కట్టుకొని నిలబడాల్సిందే అని చెప్పి, చప్పట్లు కొట్టించుకొని వచ్చాను.

వారం తిరక్కుండా ఒక అవ్వ మనవరాలితో వచ్చి నా గది ముందు కూర్చుంది. రోడ్డు మీది ప్రైవేటు బడి పెద్దసారు (ఎండాకాలమూ టై విప్పడు గనక టై సారు) పిల్లకు ప్రవేశ పరీక్ష పెట్టాడట. ఇంట్లో కోయ భాష తప్ప ఎరగని పిల్ల తెలుగు ప్రశ్నకే బిక్కమొహం వేస్తే, పైన ఇంగ్లీషు ప్రశ్న కూడా వేసి సీటు లేదన్నాడట. ఊళ్లోని సర్కారు బడిలోనేమో, వానపడితే పంతులుగారు వాగు దాటి రారు. పిల్ల చదువు కూపన్లోనే ఆగిపోయింది. పరీక్ష పెట్టొచ్చని నియమాల్లోనే ఉందని నేను నసిగాను. అవ్వ ఆకు నములుతూ అంతా వింది.

"సంతల కొనేటోడు మేక నోరు తెరిచి పండ్లు చూస్తడు. మేక లేచి కొనేటోని పండ్లు చూస్తదా సారూ? కూపన్ మా చేతిలుంటే పరీక్ష సార్లకే పెట్టాలె. నువ్వే గట్ల చెప్తివి."

సంతనాడు టై సారునీ పంతులుగారినీ పిలుచుకొచ్చాను. టై సారుకు సన్మానమని చెప్పాను (దండ నిజంగానే కొన్నాను). సంతకొచ్చిన కూపన్ల తల్లులు ప్రశ్నలు మొదలుపెట్టారు. వాగు పొంగితే మీ బస్సు ఎక్కడ ఆగుతుంది? పిల్ల కడుపునొప్పని కోయలో ఏడిస్తే ఎవరికి అర్థమవుతుంది? టై సారు టై వదులు చేసుకున్నాడు. పక్కన పంతులుగారు కిసుక్కుమన్నారు.

"నువ్వెందుకు నవ్వుతున్నవ్ పంతులూ? శనివారం నీ బడికి తాళం ఎందుకుంటది?" అంది అవ్వ.

ఆ నవ్వు అక్కడే ఆగింది. ఇద్దరూ పరీక్ష తప్పారని తల్లులు తేల్చి, వచ్చే సంతకు చదువుకొని రమ్మని పంపించారు.

చదువుకొనే వచ్చారు. టై సారు పరీక్ష ఎత్తేసి, కోయ వచ్చిన అమ్మాయిని టీచరుగా పెట్టుకున్నాడు. పంతులుగారు ఊళ్లోనే గది కిరాయికి తీసుకున్నారు. పిల్లే బడిని ఎంచుకోవాలి గానీ బడి పిల్లను ఏరకూడదని మా సంస్థ నియమం మార్చింది. ఏ బడి కావాలని అడిగితే అవ్వ మనవరాలు పంతులుగారి బడే అంది, మధ్యాహ్నం గుడ్డు పెడతారని.

ఇప్పుడామె అదే బడిలో టీచరు. మొన్న అక్కడికెళ్లి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు, ఆ నియమం నా బుర్రలోనే పుట్టిందనీ, ఆనాటి సంతకు పదివేలమంది వచ్చారనీ చెబుతున్నాను. వెనక నిలబడి వింటున్న టీచరమ్మ మెల్లగా అడిగింది.

"పోయినేడు వెయ్యిమందే అన్నరు సార్. సరే గని, ఆ పదివేలల్ల మా అవ్వ ఉన్నదా?"

ఉందమ్మా, అందరికంటే ముందు కూర్చుంది అన్నాను. నా తెల్లమీసం చాటున నవ్వుకున్నాను. ఆ ఒక్కమాటలో మాత్రం నేను కలిపిందేమీ లేదు.