కోళ్ళనడిగి చెప్తానుండు

బిలాస్‌పూర్ తోర్వా పేటలో ఉండే కనకం కోళ్ళని అడక్కుండా ఏ పనీ చెయ్యదు. మాటవరసకి అంటున్నది కాదు. పెరటి గుమ్మం దగ్గర కొంచెం వంగి, కొంగు సర్దుకుని, "ఏటండీ, తమరేటంటారు?" అని అడుగుతుంది. జవాబొచ్చేదాకా ఓపిగ్గా నిలబడుతుంది. అప్పుడు ఇంట్లోకొచ్చి నిర్ణయం చెప్తుంది. ఎవరైనా పెళ్ళికి పిలిచినా అంతే, గ్యాసుబండవాడు రేపు రానా ఎల్లుండి రానా అన్నా అంతే.

తనూజకి ఈ సంగతి తెలియదు. రాజమండ్రి నుంచి బ్యాంకు ఉద్యోగం మీద బిలాస్‌పూర్ వచ్చి, కనకం వాళ్ళ మేడమీద వాటా అద్దెకి ఉందని విని, జనవరిలో ఒక ఆదివారం తలుపు కొట్టింది. కనకం ఆమెని పైనుంచి కిందకి చూసి, "అడిగి చెప్తానుండు" అని లోపలికి వెళ్ళింది. పెద్దవాళ్ళనెవరినో అడగడానికి వెళ్ళిందనుకుంది తనూజ.

"ఉండమన్నారే" అంటూ వచ్చింది కనకం. "కానీ పొద్దున్న నాలుక్కి నల్లదొరగారు గొంతెత్తుతారు. అప్పుడు విసుక్కుంటే ఒప్పుకోనన్నారు."

"పర్లేదండీ. నల్లదొరగారంటే... మీ మామగారా?"

"కాదు. పుంజు."

అది కడక్‌నాథ్ పుంజు. ముక్కు నలుపు, జుట్టు నలుపు, కాళ్ళు నలుపు. ఆ కొలువులో ఇంకా పదకొండు నాటుపెట్టలు, ఐదు బాతులు, ఆరు గిన్నీకోళ్ళు, ఒక టర్కీకోడి ఉండేవి. టర్కీ మెడకింద ఎర్రటి తోలు వేలాడుతూ, రొమ్ము విరుచుకుని, తనిఖీకొచ్చిన రైల్వే జనరల్ మేనేజరులా నడిచేది. అందుకని దాన్ని జీయమ్‌గారనేవారు.

అందరూ 'గారు'లే. అందరికీ 'తమరు'లే. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం కనకం నోట్లో ఒరే, ఒలే తప్ప మరోటి ఉండేది కాదు. ఆమె భర్త శ్రీనివాసరావు ముప్ఫయ్యారేళ్ళు గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాడు. ఆయన తనూజ దగ్గర మొర పెట్టుకునేవాడు.

"చూడమ్మా, నలభై రెండేళ్ళ కాపురం. ఒక్కసారి నన్ను 'ఏవండీ' అన్లేదు. ఆ టర్కీని రోజుకి వందసార్లు అంతాది."

వంటింట్లోంచి వెంటనే జవాబొచ్చేది. "ఆయనకి హోదా ఉంది. నీకేటుంది?"

మొదటి నెల తనూజ నవ్వుకుంది. రెండో నెలకి నవ్వడం మానేసి నోరు తెరుచుకుని చూడటం మొదలుపెట్టింది. వాళ్ళ బ్యాంకులో తొమ్మిదిమంది ఉద్యోగులుంటే ఒక్క ప్రింటరు దగ్గర రోజుకి రెండు తగువులయ్యేవి. ఇక్కడ నాలుగు జాతులు ఒకే పెరట్లో కాపురం చేస్తున్నాయి. బాతులు నీళ్ళని బురద చేస్తాయని వాటి తొట్టి వేరు, పెట్టల మూకుళ్ళు వేరు. కొత్తగా రెండు పెట్టల్ని తెస్తే ఎనిమిది రోజులు ఇనపవల జాలీ అవతల పెట్టింది కనకం.

"ఎందుకు పిన్నీ?"

"చూపులే. ముందు మొహాలు అలవాటవ్వాలి. తిన్నగా లోపలికి తోసీసేవనుకో, పాతవాళ్ళు పొడిచి చంపెస్తారు. నువ్వు బ్యాంకులో చేరినప్పుడు నిన్ను పొడవలేదేటి?"

తనూజ ఆలోచించింది. పొడిచారు.

శివరాత్రి వెళ్ళి మధ్యాహ్నాలు వేడెక్కేసరికి పెద్దావిడ పొదుగుకి కూచుంది. పెద్దావిడంటే అన్నిట్లోకి పాత పెట్ట. కనకం మొదట నాలుగు బాతుగుడ్లు పెట్టింది. వారం ఆగి తొమ్మిది కోడిగుడ్లు చేర్చింది.

"బాతుగుడ్డుకి నాలుగు వారాలే. కోడిగుడ్డుకి మూడు. అందరూ ఒక్కరోజే దిగాలి. లేపోతే తల్లి ముందు పుట్టినోళ్ళని తోలుకుని లేచిపోద్ది, మిగతావాళ్ళు చల్లారిపోతారు."

పిల్లలు దిగడానికి రెండు రోజుల ముందు కనకం ఒక గిన్నెతో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. పెద్దావిడకి దణ్ణం పెట్టి, "ఒక్క నిమిషం తమరు దయచెయ్యాలి" అని గుడ్లు ఒక్కొక్కటీ నీళ్ళలో వదిలింది. తనూజ ఊపిరి బిగబట్టి చూసింది. నీళ్ళు కదలటం లేదు, గాలి లేదు, ఎవరూ ముట్టుకోవటం లేదు. అయినా గుడ్లు తలలూపుతున్నాయి. ఒకటి ఇటు వాలుతుంది, ఇంకొకటి ఉలిక్కిపడినట్టు అటు తిరుగుతుంది. తెల్లటి పెంకు వెనక ఎవరో నిద్రలో మసులుతున్నారు. తనూజ ఇంకా దగ్గరికి వంగింది. ఎమ్మెస్సీ చదివిన తను ఇరవైతొమ్మిదేళ్ళలో ఇలాంటిది ఒక్కటీ చూళ్ళేదు.

ఒక్క గుడ్డు మాత్రం ఉలకలేదు. కనకం దాన్ని పక్కన పెడుతూ, "సరే, తమరెళ్ళి రండి" అంది, బస్సెక్కించినట్టు.

ఆ మర్నాడే ఒక విచిత్రం జరిగింది. శ్రీనివాసరావు గిన్నీకోళ్ళు ఆరింటినీ గంపలో కుక్కి స్కూటరుకి కడుతున్నాడు. తఖత్‌పూర్‌లో కనకం చెల్లెలు బుజ్జమ్మ ఇంటికట.

తనూజ ఆశ్చర్యపోయింది. గద్ద ఆకాశంలో చుక్కంత ఉండగానే తోర్వా అంతా వినబడేలా అరిచేవి గిన్నీకోళ్ళే. రేపో మాపో పిల్లలు దిగుతుంటే కాపలావాళ్ళని పంపేస్తారా ఎవరైనా?

"గాలి మార్పు కావాలన్నారు" అంది కనకం.

"ఇప్పుడా పిన్నీ?"

"అడిగేను. ఇప్పుడే అన్నారు."

పన్నెండుకి పన్నెండూ ఒక్కరోజే దిగాయి. సాయంత్రం తనూజ బ్యాంకు నుంచి వచ్చేసరికి కనకం జీయమ్‌గారిని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

"రావే, నువ్వు గేటు తియ్యాలి. రమణ ఇంటికి."

పక్కింటి రమణబాబు రైల్వే పార్సిలాఫీసులో గుమస్తా. ఒకప్పుడు తోర్వాలో అంత వాగుడుకాయ లేడు. కనకానికీ అతనికీ గోడకి అటూ ఇటూ నిలబడి రోజూ ఒక తగువు జరిగేది. డిసెంబరులో అతనికి పక్షవాతం వచ్చి సెలవు పెట్టాడు. కాలూ చెయ్యీ చాలావరకు కోలుకున్నాయి. నాలుకే మొద్దుబారిపోయింది. ఒకరోజు టీ బడ్డీ దగ్గర చాయ్ అడిగితే ఎవడో అతని మాటని వెక్కిరించాడు. ఆ రోజు ఇంటికొచ్చి నోరు మూసుకున్నవాడు మళ్ళీ తెరవలేదు. ఏం కావాలన్నా ఫోన్లో టైపు చేసి భార్య జ్యోతిర్మయికి చూపించేవాడు. మాట్లాడకపోతే ఆ కాస్త మాటా పోతుందని డాక్టరు బెదిరించాడు. జ్యోతిర్మయి బతిమాలింది, ఏడ్చింది. లాభం లేకపోయింది. కనకం రెండుసార్లు పలకరించబోతే రెండుసార్లూ తలుపేసుకున్నాడు.

ఈ మూడోసారి జ్యోతిర్మయి తలుపు తీసింది. రమణబాబు కనకాన్ని చూసి లేచి గదిలోకి వెళ్ళబోయాడు.

"ఒరే రమణా, ఆగు. నాకు నీతో పనిలేదు. ఈయనకుంది" అంది కనకం, జీయమ్‌గారిని ముందుకు చాపి.

జీయమ్‌గారు మెడ సాచి రమణబాబుని తనిఖీ చేశారు.

"పన్నెండుమంది పిల్లలు దిగేరు. గద్ద తిరుగుతోంది. పగలు కాపలాకి మనిషి కావాలన్నారు. మా ముసిలాడిని పెడతానంటే ఒద్దన్నీసారు, కునుకుతాడట. ఈ పిల్ల బ్యాంకుకి పోద్ది. పక్కింటి రమణయితే పక్కా అన్నారు. నాను చెప్పలేదురా, ఆయనే అన్నారు. కాదంటావా, ఆయనకే చెప్పు."

జీయమ్‌గారు సరిగ్గా అప్పుడే "గుళగుళగుళ" అన్నారు. రమణబాబు నోటికి ఒక పక్క పెదవి లేచింది. మూడు నెలల్లో అతను నవ్వడం అదే మొదలని జ్యోతిర్మయి తర్వాత చెప్పింది.

మర్నాడు ములగచెట్టు కింద కుర్చీ వేసుకుని డ్యూటీలో చేరాడు. మాట అవసరం లేకుండా ఒక రేకుడబ్బా, కర్ర తెచ్చుకున్నాడు. గద్ద నీడ పడితే టంగుటంగుమని కొట్టేవాడు. రెండోరోజు కనకం ఆ డబ్బా లాక్కుపోయింది.

"పెద్దావిడకి గుండెదడొస్తోందట. నోటితో అదిలించమన్నారు."

రమణబాబు చేతులు తిప్పి, నోరు చూపించి, కుదరదన్నాడు.

"అచ్ఛా, గద్ద వెక్కిరిస్తాదేటి నిన్ను?"

తర్వాత పేర్లొచ్చాయి. పిల్లల్ని పేరు పెట్టి పిలవకపోతే గూట్లోకి రారట, 'గారు' లేకపోతే అసలు పలకరట. మొదటివారం మూడే పేర్లు. మామగారు, బాబుగారు, పాపమ్మగారు. రమణబాబు చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, వంగి, "మ్...మాం...గాయు" అన్నాడు. మేడమీది కిటికీలో తనూజ కదలకుండా నిలబడిపోయింది. పసుపుపచ్చ బాతుపిల్ల ఒకటి తలెత్తి అతనికేసి నడిచింది. దానికి తప్పొప్పులు తెలియవు, గుప్పెట్లో నూకలు తెలుసు.

రెండోవారం లీలమ్మగారు, రాజారావుగారు వచ్చారు. మూడోవారం రుక్మిణిగారు, లక్ష్మణస్వామిగారు, త్ర్యంబకంగారితో కలిపి మరో ఐదుగురు. "పేర్లు మరీ పెద్దవవుతున్నాయి పిన్నీ" అంది తనూజ.

"పిల్లలు పెరగటం లేదేటి?" అంది కనకం.

ఆ వారమే కోళ్ళకొచ్చే కొక్కెర తెగులుకి మందు వేసే రోజు వచ్చింది. కంట్లో ఒక్కొక్క చుక్క వెయ్యాలి. కనకం ప్రతి పిల్లకీ "క్షమించండి, మంట పుడతాది" అని చెప్పి మరీ వేసింది. ఏ పిల్లకి వేశారో, దేనికి వెయ్యాలో పేరు చదవడం రమణబాబు వంతు. పన్నెండు పేర్లూ చదివేసరికి చొక్కా తడిసిపోయింది. కానీ చదివాడు. కుర్చీలో వెనక్కి వాలి, తన గొంతుని తానే మొదటిసారి విన్నవాడిలా కూచున్నాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఎండ పెళ్ళుమంటోంది. తనూజ కింద గోనెపట్టాలు తడిపి గూటికి కడుతోంది. పన్నెండింట్లోకి చిన్నది, ఎప్పుడూ గుంపుకి పదడుగులు దూరంగా తిరిగేది, త్ర్యంబకంగారు, గోడవార పురుగేదో చూసుకుంటోంది. నేలమీద నీడ జారింది. తనూజ తలెత్తేసరికి గద్ద రెక్కలు ముడుచుకుని రాయిలా పడుతోంది.

"త్ర్యంబకంగారూ! పరిగెత్తండి!"

ఆ కేకకి గోడమీది కాకులు లేచిపోయాయి. కునుకుతున్న శ్రీనివాసరావు మంచంమీంచి లేచి నిలబడ్డాడు. గద్ద గాల్లోనే తడబడి, గోళ్ళలో రెండీకలు మాత్రం పట్టుకుని గోడ దాటిపోయింది. త్ర్యంబకంగారు పెద్దావిడ రెక్క కిందకి దూరిపోయారు.

కేక వేసింది రమణబాబు. ములగచెట్టు కింద నిలబడి ఉన్నాడు, కుర్చీ వెనక్కి పడి ఉంది. గోడ అవతల జ్యోతిర్మయి చేతిలో గిన్నె జారిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడే పరిగెత్తుకొచ్చింది. 'త్ర్యంబకం' అని తడుముకోకుండా తనూజే అనలేదు.

కనకం మాత్రం నీళ్ళ మూకుడు నింపుతూ, "అంత అరవాలేటిరా? నల్లదొరగారు జడుసుకున్నారు" అంది.

ఆ సాయంత్రం నూకల కోసం సామానుగదిలోకి వెళ్ళిన తనూజకి డబ్బా కింద మడతపెట్టిన కాగితం దొరికింది. ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ రమణబాబుకి రాసిచ్చింది. హిందీలో ఉంది. మొదటివారం మ, బ, ప. రెండోవారం ల, ర. తర్వాత జంటక్షరాలు, క్ష, త్ర్య. పక్కన కనకం వంకరటింకర తెలుగులో మామగారు, బాబుగారు, లీలమ్మగారు. కింద ఒక పేరు కొట్టేసి, ఇంకోటి రాసి, అదీ కొట్టేసి, చివరికి త్ర్యంబకంగారు.

తనూజ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. "గిన్నీకోళ్ళుంటే మనిషి అక్కర్లేదని, అందుకే కదా పిన్నీ తఖత్‌పూర్ పంపావు?"

కనకం కాగితం లాక్కుని జాకెట్లో దోపుకుంది. మొదటిసారి ఆమె మొహం ఎర్రబడటం చూసింది తనూజ.

"జ్యోతి పారేస్తుంటే తెచ్చేను. హిందీ మీ బాబాయి చదివేడు. ఏటలా చూస్తావు? నీకు సాయం చేస్తానంటే ఎవుడైనా మొహం తిప్పుకుంటాడు. కోడి నీ సాయం అడిగిందంటే నవ్వుతాడు. నవ్వినోడు ఒద్దనలేడు. బస్." గరిటె చూపించింది. "వాడికి తెలిసిందంటే వాటా ఖాళీ చేయించెస్తాను. కోళ్ళనడగను కూడా."

చెప్పనని తనూజ ప్రమాణం చేసింది.

మర్నాడు పొద్దున్న బ్యాంకుకి బయల్దేరుతుంటే రమణబాబు గేటు దగ్గర కనిపించాడు. మాట ఇంకా నెమ్మదిగానే, కూడబలుక్కుంటూ వస్తోంది.

"తనూజమ్మా... గిన్నీకోళ్ళు... ఎప్పుడొస్తాయి?"

తనూజ కంగారుపడింది. "అవా... వాటికి గాలి మార్పు..."

"నాకు తెలుసులే." అతను ఇంటివైపు చూశాడు. "గంపలో పెట్టి... మా కిటికీ ముందునుంచే... తీసుకెళ్ళేరు. ఆరూ... అరుచుకుంటూ పోయాయి. మొదటిరోజే... తెలుసు."

"తెలిసీ కాపలాకొచ్చారా అంకుల్?"

"జీయమ్‌గారంతటాయన... స్వయంగా వచ్చి పిలిస్తే... వెళ్ళకపోతే... ఏటి మర్యాద?" అని, కళ్ళు మెరుస్తుండగా పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "కనకమక్కకి చెప్పకు. అంత కష్టపడి... అబద్ధమాడింది. తెలిస్తే... చిన్నబుచ్చుకుంతాది."