దొరగారి బండ్ల కొట్టం

చెల్లెలి ఏడుపు ఎలా ఉంటుందో మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. ఏడవడానికి అది మెలకువగా ఉంటే కదా! తెల్లవారకముందే అమ్మ నల్లమందు ముక్కను చనుబాలలో రంగరించి, వేలితో దాని నాలుకకు రాసేది. తను కూలి నుంచి వచ్చేదాకా అది కదలకుండా పడుకునేది. మా నల్లగొండ వైపు పల్లెల్లో కూలికి పోయే తల్లులు చాలామంది అదే చేసేవాళ్లు. ఈ సంగతి విని, అదేం తల్లులమ్మా అని ముక్కున వేలేసుకునేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చంటిపిల్లను దొర పొలం గట్టున కూడా పడుకోబెట్టనిచ్చేవాళ్లు కాదు. చూసుకోవడానికి ఆరేళ్లదాన్ని నేనున్నాను గానీ, నన్ను దొర ఉండే గడీలో పేడ ఎత్తడానికి పెట్టారు.

దొరల వెట్టికి ఎదురుతిరిగిన సంఘం బలపడి దొర పట్నం పారిపోయాక, మా ఆడవాళ్లు భూమికంటే ముందు అడిగింది ఆయన బండ్ల కొట్టం. బండ్లను బయటికి తోసి, ఊడ్చి, అలికి, పాతకోకలతో ఉయ్యాలలు కట్టారు. గొర్రెలు కాసి కాసి మోకాళ్లు అరిగిన ఒక అవ్వను పిల్లల దగ్గర కూర్చోబెట్టారు. సాయంత్రం ప్రతి తల్లీ ఆమె చాటలో పిడికెడు జొన్నలు పోసి తన బిడ్డను ఎత్తుకుపోయేది. కిరాయి అంతే.

మొదటిరోజే అవ్వ అమ్మను గుమ్మంలో ఆపింది.

"గా మందు పెట్టి తెచ్చుడు బందు చెయ్యి బిడ్డా."

"ఏడుస్తది అవ్వా."

"ఏడ్వనియ్యి. నేనెందుకున్న మరి?"

ఏడ్చింది. కొట్టం కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. తర్వాత పాకింది, నవ్వింది, అవ్వ చెవికమ్మలు పట్టుకుని లాగింది. మాలాంటి పెద్దపిల్లలకు అవ్వ చింతగింజలను గొర్రెల మందలా పరిచి లెక్క నేర్పేది. అక్షరం ముక్క రాని మనిషి. ఒకటి తక్కువ చెబితే "తోడేలు తిన్నదా?" అని గద్దించేది.

నిజాం మీద పోలీసు చర్య అయింది. రజాకార్ల పీడ పోయిందని ఊరంతా సంబరపడ్డాం. ఆ సంబరం తీరకముందే సంఘం వాళ్లను పట్టుకోవడానికి మిలిట్రీ లారీలు వచ్చాయి, వాటి వెనకే దొర వచ్చాడు. సంఘం వాళ్లకు ఇంత జొన్న గట్క వండి పెట్టిందని అవ్వను లారీ ఎక్కించారు. ఆమె మళ్లీ రాలేదు. కొట్టంలోకి బండ్లు, గడీలోకి నేను తిరిగి వెళ్లాం.

అమ్మ మళ్లీ నల్లమందు తెచ్చింది. కానీ చెల్లెలు మునుపటిలా పడుకోవడం లేదు. అవ్వ దగ్గరికి పోదామని తలుపు వైపు చేతులు చాపి ఏడ్చేది. దాన్ని నిద్రపుచ్చేసరికి రోజూ ఆలస్యమే. నాట్లు వేసే రోజులు. పని చేయించే దొర మనిషి ఒకనాడు అమ్మను అందరి ముందూ నిలబెట్టాడు.

"రేపు గిట్లనే వస్తే, నీ మొగడు సంఘంల తిరిగిన ముచ్చట మిలిట్రీకి చెప్త."

మర్నాడు తెల్లవారుజామున అమ్మ ఇంకాస్త ఎక్కువ రాసింది. సాయంత్రం మేం వచ్చేసరికి చెల్లెలు పడుకున్నట్టే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. అమ్మ దాన్ని కుదిపింది, చెంపల మీద కొట్టింది. "ఏడ్వవే బిడ్డా, జరంత ఏడ్వవే" అని బతిమాలింది.

బాపును మిలిట్రీకి పట్టిస్తారన్న భయం మాత్రం అలాగే ఉంది. మట్టి చేసిన మర్నాడే అమ్మ అందరికంటే ముందు మడిలో దిగింది. దొర మనిషి గట్టు మీద నిలబడి చూశాడు.

"ఇయ్యాల జల్ది వచ్చినవ్. రోజు గిట్లనే రావాలె" అన్నాడు.