తొమ్మిది మిల్లీమీటర్ల కమిటీ

విశ్వనాథం ఇంట్లో బల్లి కనిపించినా భార్యను కేకేసే మనిషి. అలాంటివాడు ఏడాదిపాటు తుపాకీ గుండు ఎంత లావుండాలన్నది తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నాకతనంటే చులకన. ఆ సంగతి దాచుకుని ఈ కథ చెప్పడం నావల్ల కాదు.

మేమిద్దరం అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఒకే టీమ్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లం. అతను టెస్టింగ్ లీడ్. వయసు నలభై ఒకటి, హెచ్-వన్‌బి వీసా మీద తొమ్మిదో ఏడు. స్క్రీన్ మీద బటన్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా కనిపెట్టి నలుగురికీ మెయిల్ పెడతాడు. ఆ చూపు ఆఫీసు దాటితే పనిచేయదు.

అతని భార్య రాగిణి ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్క్‌లో పనిచేస్తుంది. సాయంత్రం అయిదింటికి పని ముగించుకుని మైలున్నర నడిచి ఇంటికొస్తుంది. మా ఊళ్లో ఎవరైనా రోడ్డు మీద నడుస్తుంటే కారు చెడిపోయిందేమోనని జాలిపడతారు. ఫుట్‌పాత్ సగం దూరమే, మిగతాదంతా గడ్డి. ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు. ఆమెకు డ్రైవింగ్ నేర్చుకోవాలని ఉంది, లర్నర్స్ పర్మిట్ కూడా తీసుకుంది. కొత్త కారు బంపర్‌కి గీత పడుతుందని మొగుడు తాళం చేతికివ్వడు.

కిందటేడు మార్చిలో ఒక తెల్లటి పికప్ ట్రక్కు ఆమె వెంట పడడం మొదలుపెట్టింది. అందులో ఉన్నవాడు ఏమీ అనడు. కిటికీ దించి, ఆమె నడిచినంత వేగంతోనే మెల్లగా బండి నడుపుతూ చూస్తుంటాడు. మొదటిసారి ఎవరో దారి వెతుక్కుంటున్నారనుకుంది. మూడోసారికి ఇంట్లో చెప్పింది. ఆ శనివారం మేం వాళ్లింట్లోనే భోంచేస్తున్నాం, నేనూ, మా టీమ్‌లోనే పనిచేసే తేజేశ్వరూ.

“ఏవండీ, అయిదుంబావుకి వచ్చి తీసుకెళ్లండి చాలు. మీ ఆఫీస్ నుంచి పది నిమిషాల డ్రైవ్,” అంది రాగిణి.

“అయిదింటికి రెడ్‌మండ్ ఆఫీస్ వాళ్లతో కాల్ ఉంటుంది కదా.”

“పోనీ పోలీసులకి కంప్లైంట్ ఇద్దాం.”

“గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉండగా మనకెందుకు పోలీసులతో?”

ఆ కాల్ సంగతి నాకు తెలుసు, నేనూ అందులో ఉంటాను. వారానికి రెండు రోజులే, సోమవారం, బుధవారం. పావుగంటలో అయిపోతుంది. కారులో కూర్చుని ఫోన్‌లో వినొచ్చు. ఆ మాట అప్పుడే అనాల్సింది. పప్పులో నెయ్యి వేసుకుంటూ ఊరుకున్నాను.

విశ్వనాథం చెయ్యి కడుక్కుని వచ్చి, “నేనొక సొల్యూషన్ ఆలోచించా. కాంపాక్ట్ పిస్టల్. ఎవ్రీడే క్యారీ,” అన్నాడు.

“అది నడుముకి పెట్టుకుని మీరెక్కడుంటారు?” అని అడిగింది రాగిణి.

“అంటే?”

“నేను రోడ్డు మీద ఉంటాను. అది మీ దగ్గరుంటుంది. మీరేమో కాల్‌లో ఉంటారు.”

దీనికి జవాబుగా అతను లాప్‌టాప్ తెచ్చి ఎక్సెల్ తెరిచాడు.

వీసా మీద ఉన్నవాళ్లు ఈ దేశంలో మామూలుగా తుపాకీ కొనకూడదు. గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే కొనొచ్చు. అందుకని గుడ్డు కూడా ముట్టని విశ్వనాథం ఏప్రిల్‌లో జింకల వేటకి లైసెన్స్ తీశాడు. దానికోసం రాసిన ఆన్‌లైన్ పరీక్షలో నూటికి నూరు వచ్చాయి. సరైన జవాబుకి టిక్కు పెట్టడంలో మనవాళ్లకి తిరుగేముంది. లైసెన్స్‌ను లామినేట్ చేయించి దేవుడి పటాల పక్కన పెట్టాడు.

ఇక మిగిలింది క్యాలిబర్, అంటే గుండు లావు. దాని కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి కమిటీ అని పేరు తగిలించాడు. సభ్యులం ముగ్గురం. మూడొందల ఎనభై, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కలో, చిన్న గుండు, పిస్టల్ జేబులో ఇమిడిపోతుంది, చెయ్యి అదరదు, కానీ దెబ్బలో పస తక్కువంటారు. నలభై అయిదు, నూరోవంతుల లెక్కలో, లావుపాటిది, చిన్న పిస్టల్‌లో ఆరేడుకి మించి పట్టవు, పేలిస్తే చెయ్యి జాడిస్తుంది. మధ్యలో తొమ్మిది మిల్లీమీటర్లు. పదీ పన్నెండూ పడతాయి, గుండ్లు ప్రతి కొట్లోనూ దొరుకుతాయి, ఎక్కువమంది మోసేది అదే. బుర్రున్నవాడు అయిదు నిమిషాల్లో తొమ్మిది అని చెప్పి లేచిపోతాడు. మావాడు పద్నాలుగు కాలమ్‌ల షీట్ తయారుచేశాడు.

“నైన్ తీస్కోరాదె అన్నా, అయిపోతది,” అన్నాడు తేజేశ్వర్ మొదటి వారంలోనే.

“స్టాపింగ్ పవర్ సంగతేంటి మరి?”

స్టాపింగ్ పవర్ అంటే ఎదుటి మనిషిని ఆపగలిగే శక్తి. ఆ మాట రోజుకి పదిసార్లు అనేవాడు. ఆపాల్సిన మనిషి అయిదింటికి పళ్ల డాక్టరు క్లినిక్ బయట కిటికీ దించుకుని తిరుగుతున్నాడు. ఇతనేమో ఆఫీసు కుర్చీలో కూర్చుని, మనిషి కండకి బదులుగా పెట్టే జెలటిన్ దిమ్మల్లోకి గుండ్లు దిగే వీడియోలు చూస్తూ ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకుంటున్నాడు. జెలటిన్‌ను జంతువుల ఎముకలతో చేస్తారని తెలిసిన రోజు మాత్రం కాస్త ఇబ్బందిపడ్డాడు.

జూన్‌లో మమ్మల్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాడు. నలభై అయిదుని కళ్లు మూసుకుని పేల్చాడు. ఆ గుండు ఎటు పోయిందో దానికే తెలియాలి. మణికట్టు బెణికింది. ఆఫీసులో అందరికీ బ్యాడ్మింటన్ ఆడుతుంటే బెణికిందని చెప్పాడు. రెండు వారాలు రాగిణే అన్నం కలిపి పెట్టింది, అయిదింటికి పని ముగించుకుని, మైలున్నర నడిచొచ్చి.

ఆ ట్రక్కు మానలేదు. వారానికొకసారో, పది రోజులకొకసారో వస్తూనే ఉంది. ఆమె దారి మార్చింది, అరమైలు చుట్టయింది. కొన్నాళ్లకి ట్రక్కు ఆ దారికీ వచ్చింది. ఆగస్టులో వాళ్లింటికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర కొత్త రన్నింగ్ షూస్ చూశాను.

“వాకింగ్ మొదలెట్టావా అమ్మా?” అన్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

“లేదన్నయ్యా. పరుగెత్తాల్సొస్తే ఉంటాయని.”

నా దగ్గర ఏడుగురు కూర్చునే వ్యాన్ ఉంది. ఆమె క్లినిక్ నేను ఇంటికెళ్లే దారిలోనే ఉంది. పరాయి ఆడమనిషిని రోజూ ఎక్కించుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. మర్నాడు కమిటీ ఓటింగ్‌లో మాత్రం తొమ్మిదికి ఓటేశాను. విశ్వనాథాన్ని ఇన్ని మాటలంటున్న నేనూ ఆ తానులో ముక్కనే.

తొమ్మిదికి రెండు ఓట్లు, నలభై అయిదుకి ఒకటి. ఆ ఒక్కటీ విశ్వనాథానిది. ఆ తర్వాత థాంక్స్‌గివింగ్ డిస్కౌంట్ కోసం ఆగాడు. డిస్కౌంట్ వచ్చాక కొత్త మోడల్ వస్తోందని ఆగాడు. ఈ ఏడు ఏప్రిల్‌లో ఒక బుధవారం షీట్‌లో ఒక గడికి ఆకుపచ్చ రంగు వేసి, తొమ్మిది మిల్లీమీటర్లు ఫైనల్ అని గ్రూపులో పెట్టాడు.

ఆ సాయంత్రం నాలుగున్నరకి ముగ్గురం నా వ్యాన్‌లో తుపాకుల కొట్టుకి వెళ్లాం. అయిదింటి రెడ్‌మండ్ కాల్‌కి రావడం లేదని, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందని విశ్వనాథం మెసేజ్ పెట్టాడు. ఏడాదిలో అతను ఆ కాల్ ఎగ్గొట్టడం అదే మొదలు. నేనూ ఏదో ఒక అబద్ధం పెట్టాను.

కౌంటర్ దగ్గరున్న ముసలాయన మర్యాదస్తుడు. ఫారం నింపించాడు, పాస్‌పోర్ట్ చూశాడు, వేట లైసెన్స్‌ను కళ్లజోడు సర్దుకుని చదివాడు. ఆ తర్వాత దాన్ని మావైపు తిప్పి ఒక తేదీ మీద వేలు పెట్టాడు. లైసెన్స్ ఏడాదికే చెల్లుతుంది. గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఇది చూశాక అమ్మలేనని, రెన్యూ చేసుకుని రమ్మని చెప్పాడు.

పక్కవాళ్ల తప్పులు వెతికి జీతం తీసుకునే మనిషి పద్నాలుగు కాలమ్‌లలో ఆ తేదీకి చోటు పెట్టలేదు.

“ఫోన్ల ఇప్పుడే రెన్యూ చెయ్‌రాదె అన్నా,” అన్నాడు తేజేశ్వర్.

“వద్దులే. ఈలోగా ఫార్టీఫైవ్‌ని ఇంకోసారి ఇవాల్యుయేట్ చేద్దాం,” అన్నాడు విశ్వనాథం. అతని ముఖంలో నాకు దిగులు కనబడలేదు. సెలవు దొరికిన బడిపిల్లాడిలా ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి అయిదూ ఇరవై. రాగిణి ఇంటికొచ్చే రోడ్డు మలుపు తిరగగానే ఆమె కనిపించింది. గడ్డి మీద, బ్యాగ్‌ను గుండెలకి అదుముకుని నడుస్తోంది. పక్కనే తెల్ల పికప్, ఆమె నడకకి సరిపడా వేగంతో. నేను కాలు బ్రేక్ మీదికి తెచ్చాను.

“ఆపకు గురూ,” అన్నాడు విశ్వనాథం. గొంతు పూర్తిగా పీలగా అయిపోయింది. “ముందుకి పోనీ. వాడి దగ్గర గన్ ఉంటుందేమో.”

అక్షరాలా ఆ మాటే అన్నాడు. నేనూ ఆపలేదు. వాళ్లిద్దర్నీ దాటి, రెండొందల గజాల అవతల గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పి ఆపాను. తేజేశ్వర్ ఒక్కడు తలుపు తీసి దిగాడు. దిగి తలుపు పట్టుకునే నిలబడ్డాడు. పికప్ ఇంకాస్త దూరం ఆమె పక్కనే వచ్చి, విసుగుపుట్టినట్టు సందులోకి తిరిగిపోయింది. ఆమె నడక మారలేదు. వాడుంటే ఎలా నడిచిందో, వాడు పోయాకా అలాగే నడుచుకుంటూ మా దాకా వచ్చింది.

విశ్వనాథం అద్దం దించి, “ఎక్కు రాగిణీ,” అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. తేజేశ్వర్‌ను, నన్ను చూసింది. తన పక్కనుంచి వెళ్లిన వ్యాన్ ఎవరిదో ఆమెకు తెలుసు.

“ఇవాళ బుధవారం కదండీ. రెడ్‌మండ్ కాల్ లేదా?”

తేజేశ్వర్ మళ్లీ వ్యాన్‌లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

“ఎక్కమంటున్నానా,” అన్నాడు విశ్వనాథం. భార్య మీదికి గొంతు మళ్లీ వచ్చింది.

ఆమె బ్యాగ్ భుజానికి తగిలించుకుని ముందుకి నడిచింది. ఇంకా ముప్పావు మైలు ఉంది. ఆమెను వదిలేసి పోలేం. దిగి పక్కన నడవడానికి ముగ్గురిలో ఎవరికీ ముఖం లేదు. అందుకని నేను వ్యాన్‌ను రోడ్డు అంచుకి తెచ్చి, కిటికీ దించి, ఆమె నడిచినంత వేగంతోనే మెల్లగా ఇంటిదాకా వెనకే నడిపాను.