చెప్పినంకనే చాయ

చనిపోయిన పెద్దలను యాది చేసుకునే పెత్రమాసకు ముందటి ఆదివారం, పొద్దుమీకి నాలుగున్నర. బెల్లంపల్లి నుంచి నేను, నా భార్య కరీంనగర్ల మా బిడ్డ కిరాయింటికి వచ్చి ఉన్నం. బిడ్డ ఒక దవాఖానల కంప్యూటర్లన్నీ నడిచేటట్టు చూసుకునే నౌకరి చేస్తది. అవి నడిచినన్ని రోజులు ఆమె ఉన్నదని ఎవరికీ యాదికి రాదు. ఆగినయంటే అందరి నోట్ల ఆమె పేరే.

ఆనాడు పొద్దుగాల ఆగినయి. కంప్యూటర్లకు కొత్త అప్‌డేట్ వస్తే ముందుగాల ఒక్కదానికి పెట్టి, ఒక దినం చూసి, తర్వాత మిగతా వాటికి పెట్టుడు వాళ్ళ పద్ధతి. సోమవారం రద్దీ ఉంటదని మా బిడ్డ శనివారమే అన్నిటికీ ఒక్కసారి పెట్టేసింది. తెల్లారితే ఒక్క ప్రింటరు గూడ కదలలే. రోగుల చీటీలు చేతితోటి రాసిండ్రు. మధ్యాహ్నానికి ఆమెనే మర్మం దొరకబట్టింది: ప్రింటరుకున్న పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, అప్పుడు అప్‌డేట్ పెట్టాలె. అన్నీ సక్కగైనయి.

ఆమె మొఖమే సక్కగ కాలే. ఫోన్ పట్టుకొని గోడకు ఆనుకున్నది.

ఇదే పని చేసేటోళ్ళు, ఆదిలాబాద్ దాక ఉన్నోళ్ళు, ఫోన్ల ఒక గ్రూపు పెట్టుకున్నరు. ఏ అప్‌డేట్ వచ్చింది, ఏది సతాయిస్తుంది, ఎట్ల బాగైతది, పొద్దంత అవే ముచ్చట్లు. గీ ప్రింటర్ల సంగతి ఇంకా ఎవరూ రాయలే. సోమవారం పొద్దుగాల చానమంది ఈ అప్‌డేట్ పెట్టుకుంటరు.

"రాయరాదు మరి," అన్న.

"మా సార్ గూడ గ్రూపులున్నడు బాపు. నేను పద్ధతి తప్పిన్నని ఆయనకు తెల్వదు. నౌకరి పర్మనెంటు గూడ కాలే."

"పిల్లను జర చాయ తాగనియ్యి," అన్నది నా భార్య గ్లాసు తెచ్చి. "ఇగ నీ బొగ్గుబాయి ముచ్చట తీస్తవు, నాకెరుకే."

బిడ్డ చాయ ముట్టలే. ఏదో రాసి, పంపకముందే ఫోన్ నా చేతికిచ్చింది. నాకు అక్షరాలు నేర్పింది ఆమెనే, నేను బాయి పని నుంచి రిటైరైనంక. ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంట. 'కొన్ని చోట్ల ప్రింటర్లకు ఇబ్బంది రావచ్చు. గమనించగలరు.'

"కొన్ని చోట్ల అంటే యాడ?"

"జనరల్‌గా, బాపు."

"గా జనరల్‌ది ఏ ఊరు?"

నా భార్య నవ్వింది. బిడ్డ నవ్వలే.

ఇగ బాయి ముచ్చట తియ్యనే తీసిన. బొగ్గుబాయిల పని దిగినోడు, పనికెక్కేటోనికి లోపల ఎట్లున్నదో చెప్పాలె. చెప్పినంకనే చాయ. మా బాయిల ఎవ్వడు గూడ అది తప్పలే. ఒకనాడు నా దోస్తు పైకొచ్చి, నా భుజం పట్టుకొని ఆపిండు. "తమ్మీ, ఎడమదిక్కు పోకు. పైకప్పు సప్పుడు చేస్తుంది. ఆసరా కర్ర నేనే సక్కగ కొట్టలే," అన్నడు, మా పని చూసే సర్దారు ఇనంగనే. సర్దారు వానిని పదిమంది ముంగట తిట్టి, ఆ పూట హాజరు కొట్టేసిండు. మేం లోపలికి పోయి ఇంక పని మొదలువెట్టలే, ఎడమదిక్కు కప్పు కూలింది. ఎక్కడన్న కూలచ్చు అని వాడంటే నేను ఆగుదునా?

"అప్పటికి నువ్వింక పుట్టలే," అన్న బిడ్డతోని.

ఆమె నా చేతుల నుంచి ఫోన్ తీసుకున్నది. ముందుగాల సార్‌కు ఫోన్ చేసి పద్ధతి తప్పింది తనే అని చెప్పింది. ఆయన "రేపు మాట్లాడుదం" అని పెట్టేసిండు. ముందు రాసింది తీసేసి, గ్రూపుల మళ్ళ రాసింది: 'మా దగ్గర ప్రింటర్లన్నీ ఆగినయి. నేను అన్నిటికీ ఒక్కసారే పెట్టిన. మీరు ఆగుండ్రి.' ఎట్ల బాగు చేసిందో గూడ కింద రాసి పంపింది.

జరసేపటికి ఆదిలాబాద్ నుంచి ఒకాయన జవాబు. బిడ్డ నాతోనే చదివిపిచ్చింది: 'అక్కా, తెల్లారి పెడుదమని తయారు చేసి ఉంచిన. ఆపుతున్న.'

"సల్లారింది, మళ్ళ కాగవెడ్త," అని నా భార్య గ్లాసు అందుకోబోయింది. బిడ్డ ఇయ్యలే. సల్లటి చాయనే గటగట తాగేసింది.

తెల్లారి సార్ బాగనే కోప్పడ్డడు. నౌకరి పోలే.

ఆ ఆదివారం పొద్దుమీకి ఆ అర్రల ఉన్నది నేను, నా భార్య, మా బిడ్డ. నన్ను భుజం పట్టి ఆపిన నా దోస్తు కాలం చేసి చాన ఏండ్లైంది. వానిని గూడ ఆ అర్రల ఉన్నోళ్ళ లెక్కలనే రాస్తున్న.