నీళ్ళ గది ఫ్యాను

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, అరవదేశంలోని మా రాజపాళయంలో కరెంటు దీపం ఉన్న ఇళ్ళే తక్కువ. అలాంటిది మా ఇంట్లో నీళ్ళ గదికి, అంటే స్నానం చేసే గదికి, ఫ్యాను పెట్టారు. చూడడానికి వీధంతా వచ్చింది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట" అని మా అవ్వ అందరి ముందూ కన్నకొడుకును వెక్కిరించింది. ఆ కొడుకు మా నాయన.

నాయన నూలు మిల్లులో మేస్త్రీ. అక్కడ గోడకు బిగించిన ఫ్యాన్లు దూది దుమ్మును బయటికి లాగేవి. పెద్దక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చేసరికి ఆయనకు అవే గుర్తొచ్చాయి. అక్కకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మా నీళ్ళ గదికి కిటికీ లేదు, నీళ్ళు కాచే పొయ్యి కూడా లోపలే. పత్తికట్టెల పొగకు తాళలేక స్నానం మధ్యలోనే బయటికి వచ్చి, గోడ పట్టుకుని ఆయాసపడేది. నాయన మిల్లులో పాత ఫ్యానొకటి అడిగి తెచ్చాడు. ఫిట్టరు చూరు కింద గోడకు గుండ్రంగా కంత కొట్టి, చట్రం బిగించి, తీగ లాగాడు. మీట వేయగానే మెడపట్టి గెంటినట్టు పొగ బయటికి పోయింది. ఆ రోజు అక్క తలంటి పోసుకుని నవ్వుతూ వచ్చింది.

"ఇంక నాకు భయం లేదే" అనింది నాతో.

కాన్పు సుఖంగానే జరిగింది. ఆడపిల్ల. అమ్మ లేని ఇల్లు కాబట్టి బాలింత మీద పెత్తనమంతా అవ్వదే. మావాళ్ళ లెక్కలో బాలింతకు శత్రువు పొగ కాదు, గాలి. మొదటి తలస్నానం నాడు అవ్వ ఫ్యాను ఆపించి, ఆ కంత నిండా మిల్లు దూది కూరిపెట్టింది. తల ఆరడానికి కుంపట్లో బొగ్గులు రాజేసి, పైన సాంబ్రాణి చల్లింది.

"అవ్వా, నాకు ఊపిరాడదు. ఆ దూదన్నా తియ్యి" అని అక్క బతిమాలింది.

"సుమ్మా ఉండు, నోరెత్తకు. పచ్చి ఒళ్ళు. రవంత గాలి సోకినా జన్ని వచ్చి, వంకర్లు పోయి చస్తావు. ఇంతమందిని కన్నదాన్ని, నాకు తెలీదా?"

అక్క వాకిట్లో ఉన్న నాయన వైపు చూసింది. ఫ్యాను తెచ్చిన మనిషి, మిల్లులో కూలీలను గద్దించే మనిషి, తల వంచుకున్నాడు.

"ఆడోళ్ళ పని. నేను నోరు పెట్టకూడదమ్మా" అన్నాడు.

మంత్రసాని నీళ్ళు పోసి వచ్చేసింది. అక్క లోపల కుంపటి పక్కన పీట మీద కూర్చుంది. అవ్వ తలుపు మూసి, కింద సందులో గోనెపట్టా కూడా దూర్చింది. కాసేపు దగ్గు వినపడింది. తర్వాత అదీ లేదు.

"చూసినావా, సర్దుకునింది" అంది అవ్వ.

నేను పసిదాన్ని ఒళ్ళో వేసుకుని బయట కూర్చున్నాను. అది పాలకు ఏడుస్తుంటే అక్కను పిలిచాను. పలకలేదు. తలుపు తోసి చూస్తే అక్క పీట పక్కకు ఒరిగిపోయి ఉంది. వాకిట్లోకి మోసుకొచ్చి విసనకర్రతో విసిరాం, ముఖాన నీళ్ళు కొట్టాం. ఊపిరి రాలేదు.

ఏడవడానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఆ కంతలోనుంచి గాలి సోకినాది." అవ్వ గుండెలు బాదుకుంటూ, "గోడకు బొక్క వద్దని నేను అప్పుడే చెప్పినాను" అని ఏడ్చింది. అది నటన కాదు, నిజంగానే నమ్మింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మావాళ్ళు మళ్ళీ నిప్పునే పట్టుకున్నారు.

దినాలు కాగానే నాయన ఫ్యాను విప్పించాడు. కంతలో దూది లాగి చూస్తే లోపలి వైపు మసి, బయటి వైపు మిల్లు నుంచి వచ్చినంత తెలుపు. గాలి రవ్వంత కూడా దూరలేదని తెలియడానికి ఇంకేం కావాలి? ఆయన దాన్ని తిప్పి తిప్పి రెండు వైపులా చూశాడు. తర్వాత కంత పూడ్చే తాపీ మేస్త్రీకి ఇటుకలు తానే అందించాడు. నిజం చెబితే తల్లి బతకదని ఊరుకున్నాడేమో. నాకు మాత్రం ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు.

కొన్నాళ్ళకు రెండో అక్క కాన్పుకు వచ్చింది. అదే గది, అదే కుంపటి, కంత లేని గోడ. అవ్వ తలుపు మూయబోతే నేను పోయి గడప మీద కూర్చున్నాను.

"లెయ్యే! గాలి సోకించి దీన్ని కూడా చంపేస్తావా?" అని అవ్వ జుట్టు పట్టి లాగింది.

నేను లేవలేదు.