కాగితం అంచున వేసిన బాణం

కరోనా సద్దుమణిగి జనం మళ్ళీ ఒకచోట చేరడం మొదలుపెట్టిన ఏడాది అది. తమిళుల పురట్టాసి నెల చివర, అంటే అక్టోబరు నడుమ. మేట్టుపాళయం దాటాక కొండ మొదట్లో, ఒక వక్కతోట పక్కనున్న బీడులో మూడు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్ పెట్టారు. విని ఇంటికి పోయేది కాదు, వచ్చినవాళ్ళు అక్కడే డేరాల్లో పడుకుంటారు. ఆ నేలను సిద్ధం చేసే పని నాకొచ్చింది. కోయంబత్తూరులో మా తాత కాలం నుంచి మాది పెళ్ళిపందిళ్ళ పని. ఇంత పెద్ద సైట్ దొరకడం అదే మొదలు.

ఆ నెలలో అక్కడ పగలు ఎండ మాడుస్తుంది, సాయంత్రమైతే కొండ మీంచి వాన దిగుతుంది, వాన వెలిస్తే ఎర్రమట్టి కాలు కదలనివ్వదు. ఎండకు షేడ్ నెట్లు, నీళ్ళ ట్యాంకులు పెట్టించాను. బురదకు దారి పొడవునా ట్రాక్ మ్యాట్లు పరిపించాను, అంటే బండి ఎక్కినా కుంగని ప్లాస్టిక్ పలకలు. అసలు తలనొప్పి వానతోనే. డేరాల వరసల మధ్య ఫ్రెంచ్ డ్రెయిన్లు తవ్వించాను. ఇవి అడుగున కంకర పోసిన సన్న కాలవలు. అవన్నీ కలిసి సైట్ బయటికి పోయే చోటును ఔట్‌ఫాల్ అంటాం. నా ప్లాన్‌లో కాగితం కింది అంచున ఒక బాణం గుర్తు వేసి ఆ మాట రాశాను. మా పనిలో అందరూ అలాగే వేస్తారు. నీళ్ళు కంచె దాటితే మా బాధ్యత తీరినట్టే లెక్క.

టాయిలెట్లు శుభ్రం చేసే గుంపుకు పెద్ద మరియమ్మ. భర్త ఏసుదాసు కూడా ఆ పనిలోనే ఉన్నాడు. వాళ్ళూ మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. మాది పొలాలున్న కుటుంబం, వాళ్ళది తరతరాలుగా ఊరు ఊడ్చిన కుటుంబం. ఆమె నాకన్నా పదేళ్ళు పెద్దది. అయినా ఆమె నన్ను మొదలాళి, అంటే యజమాని అని పిలిచి మీరు అనేది, నేను ఆమెను నువ్వు అనేవాణ్ణి. టికెట్ కొన్నవాళ్ళ కంటికి పనివాళ్ళు కనబడకూడదని ఫెస్టివల్ మేనేజరు వాళ్ళ రేకుల షెడ్డును కంచె అవతల పల్లంలో వేయించాడు.

మొదలయ్యే ముందురోజు మరియమ్మ కాలవ వెంబడి చివరిదాకా నడిచి చూసి, తిరిగి నా దగ్గరికొచ్చింది.

“ఈ నీళ్ళంతా యాడికి పొయ్యేది మొదలాళి?”

“కిందికి.”

“కింద మేముండాము కదా.”

మేనేజరుతో చెప్పి షెడ్డు మార్పిస్తానన్నాను. చెప్పలేదు. మరిచిపోయానని తర్వాత చాలామందితో అన్నాను, అది అబద్ధం. షెడ్డు మార్చాలంటే కార్లు నిలిపే మిట్ట మీద చోటు అడగాలి. కాలవ తిప్పాలంటే పంపేసిన జేసీబీని మళ్ళీ రప్పించాలి. ఏది చేసినా ప్లాన్‌లో తప్పుందని ఒప్పుకోవాలి, అప్పటికే మేనేజరు దాన్ని నలుగురిలో మెచ్చుకుని ఉన్నాడు. మూడు రోజులూ గట్టి వాన పడకుంటే చాలులే అనుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నం ఏసుదాసు ఎండకు కళ్ళు తిరిగి పడిపోయాడు. నేను కట్టించిన షేడ్ నెట్ల కింద కూర్చోవాలంటే చేతికి పట్టీ ఉండాలి, పట్టీ టికెట్ కొన్నవాళ్ళకే ఇస్తారు. ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు ఓఆర్ఎస్ తాగించి షెడ్డులో పడుకోమన్నారు. ఇద్దరు మోసుకెళ్ళి పడుకోబెట్టారు. మరియమ్మ మళ్ళీ పనిలోకి వచ్చింది, రాకపోతే ఊరుకోరు.

నాలుగున్నరకు వాన దిగింది. అరగంట కుండపోతగా కురిసినా ఒక్క డేరాలోకీ చుక్క రాలేదు. జనం వానలోనే ఆడుతున్నారు. మేనేజరు నా భుజం తట్టాడు. నాకు గర్వమనిపించింది. ఔట్‌ఫాల్ దగ్గరికి వెళ్ళి, ఉరికిపోతున్న నీళ్ళను ఫోన్లో వీడియో తీశాను. అది ఇంకా నా దగ్గర ఉంది. అందులో కంచె, దాని అవతల మసక మసకగా షెడ్డు కనిపిస్తాయి. ఆ సమయానికి ఏసుదాసు లోపల ఉన్నాడు.

మరియమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. “ఆయన లోపలుండాడు” అంది, అంతే. మేం వెళ్ళేసరికి ఒక రేకుగోడ ఒరిగి తలుపుకు అడ్డం పడి ఉంది. లోపల నడుములోతు బురదనీళ్ళు, టాయిలెట్ల మురికి కూడా అందులోనే. ఏసుదాసు గుంజను కావిలించుకుని నిలబడి, మింగిన బురద కక్కుతున్నాడు. బతికే ఉన్నాడని దేవుడికి దండం పెట్టుకున్నాను. తొమ్మిదోరోజు పెద్దాసుపత్రిలో, ఊపిరితిత్తులకు చీము పట్టి పోయాడు.

ఫెస్టివల్ వాళ్ళు పంపిన మనుషులు వచ్చి నా ప్లాన్ చూశారు. సైట్‌లో నీళ్ళు నిలవలేదని, డ్రైనేజీ ప్లాన్ ప్రకారమే ఉందని రాసుకుని నా సంతకం తీసుకున్నారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నెల దాటాక మరియమ్మ ఇంటికి వెళ్ళాను. తప్పు నా ఒక్కడిదే కాదని చూపించుకోవడానికి ప్లాన్ కూడా పట్టుకెళ్ళాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, స్టేజి యాడ అని అడిగింది. చూపించాను. డేరాలు యాడ అంది. చూపించాను.

“మేమో?”

ఆమె బాణం గుర్తు మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపింది. వేలు కాగితం దాటి బల్లచెక్క మీద ఆగింది.

“ఈడ” అంది. “ఈడ ఉంటిమి. మీతో చెప్తిని కదా.”

“చెప్పినారు” అన్నాను. ఆమెను మీరు అనడం అదే మొదటిసారి. ఆమె తలెత్తి కూడా చూడలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చింది.

ఇప్పుడు ఏ సైట్ ప్లాన్ గీసినా ముందు పనివాళ్ళు పడుకునే చోటు గీస్తాను, కాలవలు తర్వాత. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు చూసి, నాది ఎంతో ముందుచూపు అంటారు. ఏసుదాసు చావు నాకు పాఠం నేర్పిందని రాసుకుంటే వినడానికి బాగానే ఉంటుంది. కాని నేను కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. ఆ నీళ్ళు ఎటు పోతాయో, అక్కడ ఎవరున్నారో వానకు రెండు రోజుల ముందే నాకు తెలుసు. మరియమ్మ వచ్చి చెప్పింది.